నురగ చూసి మోసపోయాను

రోజూ రెండుపూటలా తోముతున్నా చిగుళ్ల నుంచి రక్తం ఆగట్లేదు, నోటి వాసన పోవట్లేదు, పేస్టు మార్చాలా అని కదా మీరు అడిగింది. మార్చినా ఒరిగేదేమీ ఉండదండీ. నేను నాలుగు రకాలు మార్చి చూశాను. పర్లాకిమిడిలో మాది కిరాణా కొట్టు, పేస్టులకి కొదవ లేదు.

నేను తోముకునే తీరు ఎలా ఉండేదంటే, బ్రష్ ఈ చివర నుంచి ఆ చివర దాకా పేస్టు పామి, నోటినిండా నురగ వచ్చేదాకా అడ్డంగా బరబరా రుద్దడమే. బ్రష్ కూడా కొట్లో ఉన్నవాటిలో బాగా గట్టిది ఏరుకునేవాణ్ని. అంట్లు తోమినట్టు తోమితేగాని నాకు తృప్తి ఉండేది కాదు. అంతా కలిపి అర నిమిషం. ఓరోజు జామకాయ కొరికితే తెల్లటి ముక్క మీద ఎర్రటి మరక కనిపించింది. ఇక లాభం లేదని బరంపురం వెళ్లి పళ్ల డాక్టరుకి చూపించుకున్నాను.

ఆయన ఒడియా ఆయన. ‘మాఢిరు రక్త పడుచి కి?’ అన్నారు. మాఢి అంటే చిగురు. పొద్దున్న తోముకున్నావా అని అడిగితే, బస్సెక్కే ముందే తోముకున్నానండీ అని కాస్త గట్టిగానే చెప్పాను. ఏమీ అనకుండా ఒక రంగు బిళ్ల ఇచ్చి, నమిలి ఉమ్మి నోరు పుక్కిలించమన్నారు. తర్వాత అద్దం చేతికిచ్చారు. పళ్లు మధ్యలో తెల్లగానే ఉన్నాయి. చిగురు పన్నుకి ఆనుకునే చోట మాత్రం, కాటుక దిద్దినట్టు ప్రతి పన్నుకీ ఒక గులాబీ గీత. కింది వరస ముందు పళ్ల లోపలి వైపయితే మొత్తం రంగే. సిగ్గేసింది.

ఆ రంగు పట్టిందంతా పాచి. సూక్ష్మజీవులు కట్టుకున్న జిగురు పొర అది. నురగకి కరగదు, పుక్కిలిస్తే పోదు, బ్రష్ కుచ్చు వెళ్లి గీరితేనే ఊడుతుంది. రోజుల తరబడి వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం పట్టి రాయిలా బిగుసుకుంటుంది. అదే గార. ఇక దాన్ని ఏ బ్రష్షూ తియ్యలేదు, డాక్టరు గీకాల్సిందే. నాకూ గీకారు.

మా తాత వేపపుల్ల చివర నమిలి కుచ్చు చేసుకుని తోముకునేవాడు. అయ్యాక దాన్ని రెండుగా చీల్చి నాలుక గీసుకునేవాడు. మీ వాసన సంగతికి జవాబు అక్కడే ఉంది, చాలామందికి అది నాలుక వెనకభాగం నుంచే వస్తుంది. పుల్లతో పాచి పోతుంది, కానీ పళ్ల లోపలి వైపుకి అది సరిగ్గా అందదు.

మరి పేస్టెందుకంటే, ముఖ్యంగా ఫ్లోరైడ్ కోసం. మనం తిన్న తీపినీ పిండినీ ఆ సూక్ష్మజీవులు తిని ఆమ్లం వదులుతాయి. దానికి పంటి పైపొర కొంచెం కొంచెం కరుగుతుంది. లాలాజలం మళ్లీ పూడుస్తుంది. ఆ పూడ్చే పనికి ఫ్లోరైడ్ సాయం చేస్తుంది. పేస్టు గొట్టం మీద ఎంతుందో పీపీఎంలలో, అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలో రాసి ఉంటుంది, మన దేశంలో 1000 దాటకూడదని రూలు. మిగతా సరుకులో సున్నపురాయి పొడో సిలికా పొడో ఉండి మరకలు రుద్దుతుంది. నురగ వచ్చేది సబ్బులాంటి మందు వల్ల. పుదీనా ఘాటు శుభ్రమైందన్న భ్రమకి తప్ప ఎందుకూ పనికిరాదు. శనగగింజంత పేస్టు చాలు. తోమాక ఉమ్మేసి ఊరుకోండి, చెంబుడు నీళ్లతో కడిగేస్తే ఫ్లోరైడ్ కూడా వాటితోనే పోతుంది.

ఇప్పుడు మెత్తటి బ్రష్ వాడుతున్నాను. కుచ్చు చిగురు వైపు వాలేలా ఏటవాలుగా పట్టుకుని, రెండేసి పళ్ల దగ్గర చిన్నగా కదుపుతాను. రెండు నిమిషాలు పట్టాలన్నారు. మా కుళాయి కింద బిందె నిండడానికి అంతే పడుతుంది, అదే నా గడియారం. మొదటి వారం రక్తం ఇంకా ఎక్కువే వచ్చి టెన్షన్ పడ్డాను. పదో రోజుకి ఆగింది. మీకు రెండు వారాలైనా ఆగకపోతే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇంకొక్కటి. మీరు గుడాకు రుద్దుకునే అలవాటున్నవారైతే పైన చెప్పిందంతా దండగ. పొగాకు, బెల్లం పాకం కలిపిన నల్ల ముద్ద అది. మా వైపు ఆడవాళ్లలో కూడా ఈ అలవాటుంది, పళ్లు గట్టిపడతాయని నమ్మకం. గట్టిపడేది అలవాటే. నోటి కేన్సర్‌కి పొగాకు కారణమని అందరికీ తెలుసు. పేస్టుల్లో, పళ్లపొడుల్లో పొగాకు కలపకూడదని 1992లోనే నిషేధించారు, కానీ ఇది పొగాకు సరుకుగానే దొరుకుతోంది. మా అమ్మకి ముప్ఫై ఏళ్ల అలవాటు. అందుకని మా కొట్లో అమ్మడం మానేశాను. ఇప్పుడు మా గుంటడికి చాక్లెట్ ఆశపెట్టి ఎదురు కొట్లోంచి తెప్పించుకుంటోంది.