బుజ్జికి, ఫార్ములేషన్ ల్యాబ్‌లో అడుగుపెట్టే ముందు

బుజ్జీ,

జీనోమ్ వ్యాలీలో నీకు ఉద్యోగం వచ్చిందని, అదీ ఫార్ములేషన్‌లో, అంటే మందుని చెడిపోకుండా నిలిచేలా కలిపే పనిలోనని మీ నాన్న ఫోన్ చేశాడు. వినగానే దేవుడి దగ్గర దీపం పెట్టాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

గౌను, గ్లౌజులు, లాగ్‌బుక్ అన్నీ వాళ్లే నేర్పుతారు. నేను చెప్పేది మందుతో పాటు కలిపేవాటి గురించి: పీహెచ్‌ని, అంటే ఆమ్లత్వాన్ని, నిలకడగా ఉంచే బఫర్, చక్కెర, సబ్బులాంటి పాలీసార్బేట్. అవి మందు కాదు కదా అని ఎవరూ లెక్కచెయ్యరు. నేనూ చెయ్యలేదు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక యాంటీబాడీని, అంటే మందుగా వాడే ఒక ప్రొటీన్‌ని, సోడియం ఫాస్ఫేట్ బఫర్‌లో, పీహెచ్ 7 దగ్గర కలిపి మైనస్ 20 ఫ్రీజర్‌లో పెట్టాను. కరిగాక వయల్‌ని నల్ల అట్ట ముందు పట్టి మెల్లగా తిప్పితే, విరుగుతున్న పాలలోలా సన్నని నలకలు పైకి లేచాయి. ప్రొటీన్ చేసినవాళ్ల మీద విరుచుకుపడ్డాను. కొత్త బ్యాచ్ తెప్పించాను. అదీ అంతే. నెల గడిచింది. చివరికి ఒక సీనియర్ మేడమ్ అడిగింది: "పీహెచ్ ఎప్పుడు కొలిచావమ్మా?" కరిగాకే కొలిచాను. గడ్డకట్టేటప్పుడు డైసోడియం ఫాస్ఫేట్ ముందుగా స్ఫటికమై విడిపోతుందట, మిగిలిన ద్రవంలో పీహెచ్ 4 దాకా దిగిపోతుందట, అంటే ఆమ్లం బాగా పెరిగి ప్రొటీన్ గుంపుకడుతుందట. కరిగితే మళ్లీ 7, ఏమీ జరగనట్టే. హిస్టిడిన్ బఫర్‌కి మారి సుక్రోజ్ (చక్కెరే) వేశాక వయల్ తేటగా నిలిచింది. వాళ్లకి క్షమాపణ చెప్పడానికి నాకు ఇంకో వారం పట్టింది. నువ్వు అంత ఆలస్యం చెయ్యకు తల్లీ.

వయల్ కుదిపితే గాలి, నీరు కలిసేచోట ప్రొటీన్ విప్పుకుని గుంపుకడుతుంది. మిల్లీలీటరుకి 0.2 మిల్లీగ్రాముల పాలీసార్బేట్ 80 వేసినా ఆ చోటు ముందే ఆక్రమిస్తుంది. కానీ డబ్బా తెరిచిన తేదీ చూడు. పాతబడితే అందులో పుట్టే పెరాక్సైడ్లు ప్రొటీన్‌నే పాడుచేస్తాయి.

నా భయం వేరే ఉంది. 1998లో యూరప్‌లో ఎప్రెక్స్ అనే ఎరిత్రోపోయిటిన్ (ఎర్రకణాలు పుట్టించే ప్రొటీన్ మందు) ఇంజెక్షన్‌లో, దాన్ని చెడకుండా నిలబెట్టే ఆల్బుమిన్ తీసేసి పాలీసార్బేట్ 80 వేశారు. తర్వాత కొందరు కిడ్నీ రోగుల ఒంట్లో ఆ మందు మీదే దాడిచేసే యాంటీబాడీలు పుట్టి, ఎర్రకణాల తయారీయే ఆగిపోయింది. రబ్బరు బిరడా నుంచి ఊరిన పదార్థాలా, గుంపుకట్టిన ప్రొటీనా అని చాలాకాలం వాదనలు నడిచాయి. డయాలసిస్ రోజుల్లో మీ తాతయ్యకీ ఎరిత్రోపోయిటినే ఇచ్చేవాళ్లు. సిరంజిలో ఆ నీళ్లలాంటి మందు చూస్తూ నిలబడేదాన్ని.

"మందు అదే, పక్కవి మాత్రం మార్చాం" అని ఎవరైనా అంటే, మందు ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందో చెప్పే స్టెబిలిటీ డేటా చూడకుండా సంతకం పెట్టకు. అనుమానం వస్తే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా సరే.

గది దొరికేదాకా మా ఇంట్లోనే ఉండు. మేడమీద గది కడిగించాను.

మీ మేనత్త