ఒకే బల్ల, ఇద్దరు పిల్లలు: అట్ట తెర నిలబడాలంటే

ప్రశ్న: మా పిల్లలిద్దరూ భోజనాల బల్ల మీదే ఎదురెదురుగా కూర్చుని చదువుకుంటారు. ఒకరి మొహం ఒకరు చూస్తూ చదువు వదిలేస్తున్నారని టీవీ డబ్బా అట్టతో మూడు మడతల తెర చేశాను. పక్క రెక్కలు 15 సెంటీమీటర్లు. మెరిసే గిఫ్ట్ కాగితం అంటించాను. అది నడుం దగ్గర వంగిపోతోంది, ఫ్యాను వేస్తే పడిపోతోంది. లోపం ఎక్కడ?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అట్టను అంచు వైపు నుంచి చూడండి. రెండు కాగితాల మధ్య సన్నని గొట్టాల్లా అలలు కనిపిస్తాయి. అవి నిలువుగా ఉంటేనే స్తంభాల్లా నిలబెడతాయి. మీరు కోసిన ముక్కలో అడ్డంగా వచ్చి ఉంటాయి, నడుం వంగేది అందుకే. ఇక రెక్కలు మరీ పొట్టి. 35 సెంటీమీటర్లైనా లేకపోతే ఫ్యాను గాలికి ఆగవు.

ఈసారి ఫ్రిజ్ డబ్బా లాంటి అయిదు పొరల అట్ట తీసుకోండి. వెడల్పు 130, ఎత్తు 53 సెంటీమీటర్లు. 35, 60, 35 సెంటీమీటర్ల మూడు ముక్కలు వచ్చేలా రెండు గీతలు పెట్టి, స్టీలు స్కేలు ఆనించి, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో నాలుగైదుసార్లు గట్టిగా నొక్కండి. గీత ఉన్న వైపుకే మడవండి. నొక్కకుండా మడిస్తే మడత పక్క గాడిలోకి జారి తెర వంకరగా నిలుస్తుంది. బ్లేడుతో గాటు పెట్టారంటే కొన్నాళ్లకే చీలుతుంది. రెక్కల అడుగున 8 సెంటీమీటర్లు కోసేయండి. మధ్య ముక్కకు మాత్రం ఆ 8 ఉంచి లోపలికి మడిచి, దాని మీద లావుపాటి పుస్తకం పెట్టండి. ఇక ఫ్యాను భయం లేదు.

గిఫ్ట్ కాగితం తీసేయండి, లైటు దాని మీద పడి కళ్లల్లో కొడుతుంది. పైగా జిగురు తడికి సాగిన కాగితం ఆరేటప్పుడు ముడుచుకుని అట్టను ఒకవైపుకు లాగుతుంది. మెరుపు లేని లేతరంగు కాగితాన్ని రెండు వైపులా ఒకేరోజు, ఫెవికాల్ పలుచగా రాసి అంటించి, రాత్రంతా బరువు కింద ఉంచండి. లోపలి వైపు టైంటేబులు, సూత్రాల చార్టు అంటించాలనిపిస్తుంది. దయచేసి వద్దు. చూపు ఆగడానికి అక్కడ ఏమీ ఉండకూడదనే కదా ఈ తెర.

భోజనాల బల్ల కాబట్టి తడిగుడ్డ తప్పదు. అడుగు అంచుకు రెండు వైపులా కలిపి బ్రౌన్ టేపు చుట్టండి. లేదంటే వానాకాలంలో మొదట మెత్తబడేది అదే.

ప్రశ్న: తెర పెట్టాక పుస్తకం మీద నీడ పడుతోంది. ఏం చేయాలి?
– మరో పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కుడిచేతి వాటం పిల్లలైతే ఎడమ రెక్క ఎత్తును 30 సెంటీమీటర్లకు తగ్గించి, దీపం ఆ వైపు పెట్టండి. ఎల్‌ఈడీ బల్బే వాడండి. పాతరకం బల్బు వేడెక్కుతుంది, అట్ట పక్కన అది ప్రమాదం.