ఏడాది ‘డిప్లొమా’తో పారామెడిక్ కావచ్చా? కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బైపీసీ పాసైంది. 17 ఏళ్లు. వాళ్ల నానమ్మను 108లో ఆస్పత్రికి తీసుకెళ్లినప్పుడు అందులోని అమ్మాయి చేసిన సాయం చూసినప్పటి నుంచి తనూ పారామెడిక్ అవుతానంటోంది. మా దగ్గరి పట్నంలో ఒక సంస్థ ‘డిప్లొమా ఇన్ ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్’ పేరుతో ఏడాది కోర్సు నడుపుతోంది. కేంద్ర ప్రభుత్వ గుర్తింపు ఉందని, 108లో ప్రభుత్వ ఉద్యోగం ఖాయమని, కాదంటే సొంతంగా ఫస్ట్ ఎయిడ్ సెంటర్ పెట్టుకోవచ్చని చెప్పారు. ఫీజు 85 వేలు. 30 వేలు కట్టాం. టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్, టీసీ తీసుకున్నారు. మధ్యలో మానేస్తే మొత్తం ఫీజు కట్టాలని వంద రూపాయల స్టాంపు పేపరు మీద అమ్మాయితోనూ నాతోనూ సంతకం చేయించుకున్నారు. ఇప్పుడు తెలిసినవాళ్లు ఆ సర్టిఫికెట్ చెల్లదంటున్నారు. ఏం చేయాలి? అసలు పారామెడిక్ కావాలంటే సరైన చదువు ఏది? – ఒక తండ్రి, పల్నాడు జిల్లా

జవాబు: ముందుగా ఒక్క మాట. మీ అమ్మాయి ఎంచుకున్న పని మంచిది, చట్టం గుర్తించినది. తప్పు దారి చూపించింది ఆ సంస్థే. అందుకని డబ్బు గొడవలో పడి ఆమె కోరికను పక్కన పెట్టించకండి.

చట్టం సంగతికి వద్దాం. 2021లో పార్లమెంటు జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం చేసింది. డాక్టర్లకు, నర్సులకు, ఫార్మసిస్టులకు ఎప్పటినుంచో కౌన్సిళ్లు ఉన్నాయి గానీ ల్యాబ్, డయాలసిస్, ఎక్స్‌రే, అంబులెన్స్ సిబ్బందికి దేశమంతటికీ వర్తించే చట్టం అప్పటిదాకా లేదు. ఈ చట్టం షెడ్యూలులో ‘ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్ (పారామెడిక్)’ అని పేరుపెట్టి మరీ చేర్చారు. చట్టం అమలు నత్తనడకన సాగుతుంటే, రెండు నెలల్లో అమల్లోకి తేవాలని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కేంద్రానికి, రాష్ట్రాలకు గట్టిగా చెప్పింది.

మీ కేసుకు ప్రాణం లాంటి మాట ఆ చట్టం నిర్వచనాల్లోనే ఉంది. టెక్నీషియన్, టెక్నాలజిస్ట్ వంటి అనుబంధ ఆరోగ్య వృత్తి నిపుణుల డిప్లొమా గానీ డిగ్రీ గానీ కనీసం 2,000 గంటల చదువు ఉండాలి. అది రెండు నుంచి నాలుగేళ్ల కాలంలో, సెమిస్టర్ల వారీగా సాగాలి. ఏడాదిలో ముగిసే కోర్సుకు ‘డిప్లొమా’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఈ కొలతకు అందదు. కరపత్రం చేతికి రాగానే చూడాల్సింది కోర్సు ఎన్నాళ్లన్నదే. తర్వాతి ప్రశ్నలన్నీ దాని తర్వాతే.

‘కేంద్ర ప్రభుత్వ గుర్తింపు’ అన్నారు కదా, ఆ కాగితం చూపించమని అడిగారా? ఇలాంటి చోట్ల గోడకు ఫ్రేము కట్టి పెట్టేవి ఎక్కువగా సొసైటీ రిజిస్ట్రేషన్, ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా వ్యాపారాల) రిజిస్ట్రేషన్, ఐఎస్ఓ సర్టిఫికెట్. చిన్న షాపు పెట్టుకున్నా ఎంఎస్ఎంఈ రిజిస్ట్రేషన్ వస్తుంది. వాటిలో ఏదీ చదువు చెప్పి డిప్లొమా ఇవ్వడానికి అనుమతి కాదు. ఇంకొన్ని సంస్థలు నైపుణ్య శిక్షణ పథకం కింద ‘ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ – బేసిక్’ అనే కోర్సు చెబుతాయి. అది నిజమైనదే, హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ నిర్ణయించిన కోర్సు, పనికొచ్చే శిక్షణ కూడా. కానీ అది స్కిల్ సర్టిఫికెట్ మాత్రమే. దాన్నే రెండేళ్ల డిప్లొమాతో సమానమని చెప్పి వేల రూపాయలు గుంజితే మోసం.

మన రెండు రాష్ట్రాల్లో పారామెడికల్ డిప్లొమాలకు అనుమతి ఇచ్చి, పరీక్ష పెట్టి, రిజిస్ట్రేషన్ చేస్తూ వస్తున్నవి పారామెడికల్ బోర్డులు. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో చేసిన చట్టం దీనికి మూలం. డిగ్రీలైతే ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం. కొత్త చట్టం కింద రాష్ట్ర కౌన్సిళ్లు పూర్తిగా కుదురుకున్నాక కొత్త కాలేజీకైనా, కొత్త కోర్సుకైనా అనుమతి, పాసైనవాళ్ల రిజిస్ట్రేషన్ వాటి చేతికి వెళతాయి. ఈ మధ్యకాలంలో చేరే పిల్లలు రెండువైపులా చూసుకోవాలి: ఇవాళ బోర్డు లేదా యూనివర్సిటీ అనుమతి ఉందా, రేపు కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ఎక్కడానికి ఆ కోర్సు గంటలు, ఏళ్లు సరిపోతాయా అని.

అనుమతి అంటే కాలేజీకి మొత్తంగా ఒకసారి ఇచ్చేసేది అనుకోకండి. ఫలానా కాలేజీకి, ఫలానా కోర్సుకు, ఫలానా విద్యా సంవత్సరానికి, ఇన్ని సీట్లు అని ఉంటుంది. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుకు అనుమతి తెచ్చుకుని, అదే ఉత్తర్వు చూపించి ఎమర్జెన్సీ కోర్సులో చేర్చుకునేవాళ్లున్నారు. పది సీట్లకు అనుమతి ఉంటే నలభై మందిని కూర్చోబెట్టేవాళ్లూ ఉన్నారు. పరీక్ష దరఖాస్తు వేసే రోజున గానీ ఆ పిల్లలకు విషయం తెలియదు.

ఇది తేల్చుకోవడానికి లాయరు కూడా అక్కర్లేదు. పారామెడికల్ బోర్డు పౌర సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద దరఖాస్తు పెట్టండి. రాష్ట్ర స్థాయి కార్యాలయం కాబట్టి రుసుము పది రూపాయలు. తెల్లరేషన్ కార్డు ఉంటే నకలు జతచేయండి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. ఇలా రాయండి: “ఫలానా చిరునామాలో ఉన్న ఫలానా సంస్థకు ఈ విద్యా సంవత్సరంలో ఏయే కోర్సులకు, ఒక్కో కోర్సులో ఎన్ని సీట్లకు అనుమతి ఇచ్చారు? ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ కోర్సుకు అనుమతి ఉంటే ఆ ఉత్తర్వు నకలు ఇవ్వగలరు. లేకపోతే లేదని తెలుపగలరు.” 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘లేదు’ అని సంతకంతో వచ్చే ఆ ఒక్క లైను తర్వాత వినియోగదారుల కమిషన్‌లోనూ పోలీస్ స్టేషన్‌లోనూ మీకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం.

ఇక స్టాంపు పేపరు. దాన్ని చూసి టెన్షన్ పడాల్సిన పని లేదు. 17 ఏళ్ల అమ్మాయి చేసిన సంతకానికి కాంట్రాక్టు చట్టంలో విలువ లేదు. మైనరు ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లోనే అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ తేల్చింది, ఇవాళ్టికీ అదే చట్టం. మీ సంతకం వేరే సంగతి, మీరు మేజరు. అయితే లేని గుర్తింపు ఉందని చెప్పి చేయించుకున్న ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మీకుంది. రద్దయ్యాక వాళ్లు తీసుకున్నది తిరిగి ఇచ్చేయాలి. ఒకవేళ ఒప్పందం నిలిచిందే అనుకున్నా, ‘మానేస్తే మొత్తం ఫీజు’ అన్న షరతును కోర్టు అక్షరాలా అమలు చేయదు. నిజంగా జరిగిన నష్టం మేరకు సమంజసమైన మొత్తమే ఇప్పిస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం మీరే తీసుకోవాలి. మోసమని తెలిశాక కూడా క్లాసులకు పంపుతూ రెండో కిస్తీ కడితే, తెలిసే ఒప్పుకున్నారని అవతలి లాయరు వాదిస్తాడు. అనుమతి ఉత్తర్వు చూపించేదాకా ఇంకొక్క రూపాయి కూడా కట్టొద్దు.

ఒరిజినల్స్ విషయంలో నాకు నిజంగా కోపం వస్తుంది. ఫీజు బాకీకి పిల్లల సర్టిఫికెట్లను తాకట్టు సరుకులా పట్టుకునే హక్కు ఏ కాలేజీకీ లేదని హైకోర్టులు పదేపదే చెప్పాయి. యూనివర్సిటీలు, వాటి అనుబంధ కాలేజీలైతే సర్టిఫికెట్లు సరిచూసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలని యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఫీజు ఎప్పుడు ఎంత వాపసు ఇవ్వాలో కూడా అందులోనే ఉంది. ఏ యూనివర్సిటీకీ అనుబంధం లేని మీ సంస్థకు ఆ నోటిఫికేషన్ నేరుగా వర్తించదు. కానీ గుర్తింపు పొందిన కాలేజీకే లేని హక్కు, గుర్తింపు లేని సంస్థకు ఎక్కడి నుంచి వస్తుంది? ముందు ముట్టినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్ పేరు, హాల్‌టికెట్ నంబరుతో సహా రాసి, వారం రోజుల్లో తిరిగివ్వాలని, 30 వేలు వాపసు చేయాలని అడగండి. ఆ లోపు మార్కుల మెమోలను ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లోంచి తీసుకోండి. అందులో జారీ అయిన పత్రాన్ని ఒరిజినల్‌తో సమానంగా చూడాలని ఐటీ నిబంధనలే చెబుతున్నాయి కాబట్టి, దరఖాస్తులు ఆగిపోవు. చిక్కంతా టీసీతోనే. అందుకే ఉత్తరంలో టీసీ గురించి విడిగా ఒక వాక్యం రాయండి.

వాళ్లు స్పందించకపోతే? విద్యాసంస్థల మీద వినియోగదారుల కేసు నడవదని మీకు ఎవరైనా చెప్పవచ్చు. చదువు సరుకు కాదు, విద్యాసంస్థ అమ్మేది సేవ కాదు అని సుప్రీంకోర్టు కొన్ని తీర్పుల్లో అన్న మాట నిజమే. కానీ మీ కేసుకు దగ్గరి తీర్పు వేరే ఉంది. పట్నాలో ఒక డెంటల్ కాలేజీ తనకు యూనివర్సిటీ అనుబంధం, డెంటల్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నట్టు చెప్పి విద్యార్థులను చేర్చుకుంది. రెండూ లేవు. పిల్లల విలువైన ఏళ్లు పోయాయి. 2009లో సుప్రీంకోర్టు అది సేవాలోపమేనని చెప్పి, ఫీజు వాపసుతో పాటు పరిహారం కూడా ఇప్పించింది. బుద్ధిస్ట్ మిషన్ డెంటల్ కాలేజీ కేసుగా లాయర్లందరికీ తెలిసినదే. మీ ఫిర్యాదులో దీన్ని తప్పక ప్రస్తావించండి. ‘చదువు బాగా చెప్పలేదు’ అని కాకుండా, ‘లేని గుర్తింపు ఉందని చెప్పి చేర్చుకున్నారు’ అని రాయాలి. కేసు నిలవడం, పడిపోవడం ఈ తేడా మీదే ఉంటుంది.

2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, ఆ పట్నం వెళ్లక్కర్లేదు. ఐదు లక్షల లోపు మొత్తానికి కోర్టు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ముందు ఫిర్యాదు నమోదు చేయించుకున్నా మంచిదే, కొన్ని సంస్థలు ఆ ఒక్క ఫోన్‌కే దిగివస్తాయి. బోర్డు నుంచి ‘అనుమతి లేదు’ అన్న జవాబు వచ్చాక, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు పెట్టమని పోలీసులకు ఫిర్యాదు ఇవ్వవచ్చు. మీలాంటి తల్లిదండ్రులు ఇంకొందరు ఉంటే కలిసి వెళ్లండి. లాయరు ఖర్చు భారమైతే, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడపిల్లలకు ఉచిత న్యాయసహాయం హక్కుగా ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మీ అమ్మాయి పేరు మీద దరఖాస్తు పెట్టండి. 15100కు ఫోన్ చేసినా చెబుతారు.

ఇప్పుడు సరైన దారి. మీ అమ్మాయికి బైపీసీ ఉంది కాబట్టి నేను మొదట చూడమనేది డిగ్రీనే: ఆరోగ్య విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న కాలేజీలో ఎమర్జెన్సీ లేదా ట్రామా కేర్ విభాగంలో బీఎస్సీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి సాధారణంగా నాలుగేళ్లు. యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ నోటిఫికేషన్‌లో కోర్సు పేరు, కాలేజీల జాబితా రెండూ ఉంటాయి. ఆ జాబితాలో లేని కాలేజీ, ‘త్వరలో వస్తుంది’ అని ఎంత నమ్మకంగా చెప్పినా వద్దు. కాలేజీకి సొంత ఆస్పత్రి ఉందా, అందులో రాత్రీపగలూ నడిచే ఎమర్జెన్సీ విభాగం ఉందా అని స్వయంగా వెళ్లి చూడండి. ఈ చదువు బెంచీ మీద కూర్చుని వచ్చేది కాదు. ఆంధ్రలో జ్ఞానభూమి, తెలంగాణలో ఈపాస్ అనే ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ల జాబితాల్లో ఆ కాలేజీ ఉందో లేదో కూడా చూడండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ గుర్తింపు ఉన్న కాలేజీలకే కాబట్టి, ఇది ఇంకో పరీక్షలా పనికొస్తుంది. దూరవిద్యలో ఇస్తామనే వాళ్ల మాట అసలే వినొద్దు. ఈ చట్టం పరిధిలోని కోర్సులను దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ నడపరాదని యూజీసీ 2025లో స్పష్టంగా చెప్పింది.

డిగ్రీ సీటు రాకపోతే బోర్డు అనుమతి ఉన్న రెండేళ్ల పారామెడికల్ డిప్లొమా లేదా నర్సింగ్. ఇవి రెండో రకం దారులేమీ కావు. 108లో టెక్నీషియన్లుగా సాధారణంగా సైన్స్ డిగ్రీ, నర్సింగ్, ఫార్మసీ, పారామెడికల్ చదివినవాళ్లను తీసుకుని, శిక్షణ ఆ నిర్వహణ సంస్థే ఇస్తుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సర్వీసు ప్రభుత్వ డబ్బుతో నడిచినా, నడిపేది టెండరు దక్కించుకున్న ప్రైవేటు సంస్థ. టెక్నీషియన్లు దాని ఉద్యోగులు. కాబట్టి ‘108లో ప్రభుత్వ ఉద్యోగం ఖాయం’ అన్న హామీ మొదటి పదం నుంచే అబద్ధం. ఆ కరపత్రాన్ని, వాట్సాప్ మెసేజీని భద్రంగా దాచండి, అది తప్పుదోవ పట్టించే ప్రకటనకు రుజువు. రేపు గల్ఫ్ వెళ్లాలనుకున్నా, అక్కడి ఆరోగ్య శాఖలు సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకే నేరుగా రాసి నిజమో కాదో తేల్చుకుంటాయి. అక్కడ బయటపడితే ఆ వీసా ఖర్చంతా మట్టిపాలే.

‘సొంత ఫస్ట్ ఎయిడ్ సెంటర్’ మాట మీద అమ్మాయిని కూర్చోబెట్టి వివరంగా చెప్పండి. పారామెడిక్ సొంతంగా రోగిని చూసి మందులు రాసే డాక్టరు కాదు. నడుస్తున్న అంబులెన్సులో బీపీ, ఆక్సిజన్ శాతం చూస్తుంది, కాల్ సెంటర్‌లో ఉన్న డాక్టరుకు ఫోన్లో చెబుతుంది, ఆయన చెప్పిన మందు ఇస్తుంది, ఏది ఎన్ని గంటలకు ఇచ్చిందో రికార్డులో రాస్తుంది. తర్వాత ఏదైనా వివాదం వస్తే ఆమెను కాపాడేది ఆ రికార్డే. ఆ హద్దు దాటి బోర్డు కట్టి వైద్యం చేస్తే, 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద ఏడాది వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. అప్పుడు కేసు మీద పడేది చదివిన అమ్మాయి మీదే, చెప్పిన సంస్థ మీద కాదు.

ఈ వారంలోనే ఉత్తరం, సమాచార హక్కు దరఖాస్తు రెండూ పంపేయండి. ఉత్తరం నకలు, పోస్టాఫీసు రశీదు, 30 వేలు కట్టిన రుజువు ఒకే ఫైలులో పెట్టండి. ఫోన్‌పేలో కట్టి ఉంటే ఆ లావాదేవీ పేజీని ప్రింటు తీసి చేర్చండి. స్టాంపు పేపరు నకలు మీ దగ్గర లేకపోతే అదే ఉత్తరంలో అడగండి.