ఆఫ్రికాలో ప్రజాస్వామ్యం ఉందా? ఘనాలో ఏడేళ్లు ఉండి నేను చూసింది

"ఆఫ్రికాలో ప్రజాస్వామ్యం నిజంగా ఉందా, ఎప్పుడు చూసినా సైన్యం అధికారం లాక్కుందనే వార్తలేగా" అని అడిగారు. 54 దేశాలకు కలిపి ఒకే జవాబు చెప్పలేను. 2011 నుంచి 2018 దాకా ఘనాలో, రాజధాని అక్రా పక్కనున్న తేమాలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో పనిచేశాను. అక్కడ చూసిందే చెప్తాను.

2012 డిసెంబర్ 7న మా ఇంటి వెనక బడిలో పోలింగ్ జరిగింది. ఓటరును గుర్తించే వేలిముద్ర మిషన్లు వాడటం అదే మొదటిసారి. చాలాచోట్ల అవి మొరాయిస్తే ఆ బూత్‌లలో ఓటింగ్ మర్నాటికి పొడిగించారు. మా దగ్గర మాత్రం సాయంత్రానికి అయిపోయింది. మన దగ్గరలా పెట్టెలు స్ట్రాంగ్ రూముకు తీసుకెళ్లరు, బూత్‌లోనే అందరి ముందూ లెక్కపెడతారు. అధికారి ఒక్కో బ్యాలెట్ పైకెత్తి నాలుగు వైపులా తిప్పి చూపిస్తుంటే, తాడు అవతల నిలబడ్డ జనం గొంతెత్తి అంకెలు లెక్కపెడుతున్నారు. అక్కడ ఓటు వేసేది బ్యాలెట్ మీద వేలిముద్రతోనే, అది గడి గీత మీద పడితే దాని మీద ఒక వాదన. చీకటి పడ్డాక చార్జింగ్ లైట్లు, ఫోన్లు వెలిగించి అలాగే కొనసాగించారు. చివర్లో లెక్క గులాబీ రంగు కాగితం మీద రాసి, ఏజెంట్లతో సంతకాలు పెట్టించి, తలా ఒక కాపీ ఇచ్చారు. దాన్ని అక్కడ పింక్ షీట్ అంటారు. మా స్టోర్స్‌లో పనిచేసే పెద్దాయన ఒక పార్టీ ఏజెంటు. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, ఇంటికి చేరేదాకా జేబు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

ఆ ఎన్నికల్లో అప్పటి అధ్యక్షుడు మహామా 50.7 శాతంతో గెలిచారు. ఓడిపోయిన ప్రతిపక్ష అభ్యర్థి అకుఫో-అడ్డో సుప్రీంకోర్టుకు వెళ్లారు. వాదనలన్నీ టీవీలో లైవ్‌లో వచ్చాయి. మా క్యాంటీన్లో ఫుట్‌బాల్ కూడా మానేసి అవే చూసేవాళ్లు. సాక్ష్యం ఆ పింక్ షీట్లే. 2013 ఆగస్టు 29న తీర్పు అంటే ఊరంతా టెన్షన్. ఫ్యాక్టరీకి సెలవిచ్చారు, నేను వారానికి సరిపడా బియ్యం, నీళ్ల సీసాలు తెచ్చిపెట్టుకున్నాను. కోర్టు పిటిషన్ కొట్టేసింది. తీర్పుతో ఏకీభవించను గానీ శిరసావహిస్తానన్నారు అకుఫో-అడ్డో. మర్నాడు అందరూ ఎప్పటిలాగే పనిలోకి వచ్చారు. ఆ మనిషే 2016లో గెలిచారు, మహామా ఓటమి ఒప్పుకుని దిగిపోయారు.

మహామా ఓడటానికి పెద్ద కారణం కరెంటు కోత. అక్కడ దాన్ని 'దుమ్‌సోర్' అనేవాళ్లు, ఆర్పడం వెలిగించడం అని అర్థం. మాకు డీజిల్ జనరేటర్ ఉంది కాబట్టి నెట్టుకొచ్చాం. మా వీధి చివర కుట్టుపని చేసుకునే ఆవిడ మాత్రం ఎలక్ట్రిక్ మిషన్ అమ్మేసి తొక్కుడు మిషన్ కొనుక్కుంది. ఆ తర్వాతి ప్రభుత్వానికీ అదే గతి పట్టింది. 2022 చివరికి ధరల పెరుగుదల 54 శాతం దాటింది, దేశం విదేశీ అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. 2024లో జనం మళ్లీ మహామానే తెచ్చుకున్నారు.

అంటే ప్రభుత్వాన్ని మార్చే శక్తి జనం చేతిలో నిజంగానే ఉంది. నాకు బాధనిపించేది రెండు ఎన్నికల మధ్య జరిగేది. మన ఊళ్లో సర్పంచిని మనమే ఎన్నుకుంటాం. ఘనాలో జిల్లా పాలనాధిపతిని అధ్యక్షుడే నియమిస్తాడు, ఊరికి కాలువ కావాలన్నా రోడ్డు కావాలన్నా చూపు అక్రా వైపే. ఆ పద్ధతి మార్చే దిశగా 2019 డిసెంబర్‌లో రెఫరెండం పెడతామని ఆఖరి నిమిషంలో రద్దు చేశారు. అన్నీ పైవాళ్ల చేతిలోనే ఉంటే ఓడిన పార్టీకి నాలుగేళ్లు ఏమీ మిగలదు. అందుకే గెలుపు కోసం అంత తెగింపు. 2020లో టెచిమన్‌లో ఓట్ల లెక్కింపు దగ్గర కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు.

వార్తల్లోకి సరిగా రానివి ఇంకా ఉన్నాయి. మలావీలో 2019 ఎన్నికను కోర్టు రద్దు చేసి మళ్లీ పెట్టిస్తే ప్రతిపక్షం గెలిచింది. సెనెగల్‌లో జైలు నుంచి బయటికొచ్చిన పది రోజులకే ప్రతిపక్ష అభ్యర్థి ఫాయ్ అధ్యక్షుడిగా గెలిచారు. బోట్స్వానాలో 1966 నుంచి ఏలిన పార్టీ 2024లో ఓడిపోయింది.

ఇక మీరడిగిన సైన్యం సంగతి. మా సరుకు కొంత పాగా సరిహద్దు దాటి బుర్కినా ఫాసోకు వెళ్లేది. 2014 అక్టోబర్‌లో అక్కడి అధ్యక్షుడు కంపావొరే 27 ఏళ్లు ఏలింది చాలక ఇంకోసారి పోటీ చేసేలా రాజ్యాంగం మార్చబోతే, జనం పార్లమెంటుకు నిప్పు పెట్టి ఆయన్ని సాగనంపారు. మా లారీలు రెండు సరిహద్దు దగ్గరే ఆగిపోయాయి. వాటిలో ఒకదాని డ్రైవరు ఆ దేశం వాడే. "ఇక ఎవడూ చచ్చేదాకా కుర్చీలో కూర్చోడు బాస్" అని వచ్చీరాని ఇంగ్లిష్‌లో ఫోన్లో అరిచాడు.

2022లో అక్కడ రెండుసార్లు సైన్యం అధికారం లాక్కుంది. రెండోసారి ఆ డ్రైవరే సంతోషంగా వాయిస్ మెసేజ్ పెట్టాడు. అతని పల్లె ఉత్తరాన జిబో వైపు. ఆ పట్టణాన్ని జిహాదీలు దిగ్బంధించారు, తల్లిని చూడటానికి వెళ్లే దారి లేదు. ఓటేసి తెచ్చుకున్న ప్రభుత్వమూ, దాన్ని దించిన మొదటి సైనిక పాలకుడూ జిహాదీలను ఆపలేకపోయారు, ఈ రెండోవాడైనా ఆ దారి తెరుస్తాడేమో అని అతని ఆశ. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. కానీ సైనిక పాలకులు 2024లో పెడతామన్న ఎన్నికలు పెట్టలేదు, గడువు ఇంకో ఐదేళ్లు పొడిగించుకున్నారు. కిందటిసారి మాట్లాడినప్పుడు దారి తెరిచారా అని అడిగాను. లేదన్నాడు.