పెళ్లి ఫొటోల రా ఫైళ్లు అడగొచ్చా?

ప్రశ్న: మా చెల్లెలి పెళ్లికి ఫొటోగ్రాఫర్ ఆల్బమ్‌తో పాటు పెన్‌డ్రైవ్‌లో జేపెగ్ ఫొటోలు ఇచ్చాడు. రా ఫైళ్లు, అంటే కెమెరాలో పడ్డవి పడ్డట్టే ఉండేవి, అడిగితే ఇవ్వనంటున్నాడు. మా మరిదేమో ‘అవే ఒరిజినల్స్, వదలొద్దు వదినా’ అంటున్నాడు. డబ్బంతా కట్టేశాం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ఇవ్వననడం మోసమేం కాదమ్మా. ముందే మాట్లాడుకుంటే తప్ప కడపలో మా స్టుడియోలోనూ ఇవ్వం. మీ మరిది మాటా తప్పు కాదు, కెమెరా పట్టిందంతా ఉండేది రా ఫైల్లోనే. కానీ దాన్ని లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో తెరవాలి. తెరిచినా చప్పగా, రంగు చచ్చినట్టు ఉంటుంది. ఆ ఫొటోలు నాలుగు చుట్టాల గ్రూపుల్లో తిరిగితే పేరు పోయేది మాది!

మరి రాలో తీయడం ఎందుకంటారా? తలంబ్రాలప్పుడు వీడియో లైటు నేరుగా పెళ్లికొడుకు తెల్ల పంచె మీద పడుతుంది. నేరుగా జేపెగ్‌లో తీస్తే మడతలు, అంచు అన్నీ కలిసిపోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 8 బిట్లే, అంటే వెలుగుకు చీకటికి మధ్య 256 మెట్లు. 14 బిట్ల రా అయితే 16,384. అందుకే వెలుగు మరీ మితిమీరకపోతే ఆ మడతలను మళ్లీ రప్పించగలం. మండపం లైట్లకు పచ్చబడ్డ ముఖాలనూ సరిచేస్తాం. అంతా అయ్యాక తీసిన జేపెగ్గే మీ చేతికొచ్చేది.

మీరు పట్టుబట్టాల్సింది దాని సైజు గురించి. కంప్యూటర్‌లో ఫొటో మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో చూడండి. 24 మెగాపిక్సెల్ కెమెరా అయితే 6000, 4000 చుక్కల (పిక్సెళ్ల) దరిదాపుల్లో ఉండాలి, కత్తిరించినవి కాస్త తగ్గుతాయి. అంగుళానికి 300 చుక్కల లెక్కన 20 అంగుళాల వెడల్పు ప్రింటు వస్తుంది. 1600, 1067 అని కనిపిస్తే అవి ఫోన్‌లో చూసుకోవడానికి చేసినవి. పెద్దవి ఇవ్వనంటే మాత్రం గొడవ పడండి, నేను మీ వైపే.

ఆ ఫొటోలను వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, లేదంటే సైజు తగ్గిపోతుంది. పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కకపోతే ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్ 32 అనే పాత ఫార్మాట్‌లో ఉందేమో చూడండి. అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు.

అయినా రా కావాలనుకుంటే త్వరపడండి. ఒక్కో ఫైలు 25, 30 ఎంబీ ఉంటుంది, ఆల్బమ్ ఇచ్చేశాక మేం డిస్కులు ఖాళీ చేసుకుంటాం. కొత్త హార్డ్‌డిస్క్ మీరే తెచ్చి, పైన కొంత ఇస్తానంటే నేనైతే కాదనను.