కనబడని ఆర్డరు, కనబడిన ఎర్రర్

ప్రశ్న: మాది ఓడల విడిభాగాల వర్క్‌షాప్. ఆర్డర్లన్నీ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఉన్నాయి. కొన్ని రహస్యం, మిగతావి సాధారణం. రో లెవెల్ సెక్యూరిటీ (టేబుల్లో ఏ వరస ఎవరికి కనబడాలో తేల్చే ఏర్పాటు) పెట్టాక స్టోర్స్ గుమస్తాకి రహస్య ఆర్డర్లు కనబడటం లేదు. కానీ అతను 4417 నంబరుతో కొత్త ఆర్డరు ఎక్కించబోతే 'డూప్లికేట్ కీ' అని ఎర్రర్ వస్తోంది. వెతికితే ఆ నంబరు లేదు. తప్పెక్కడ?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: పాలసీ (ఎవరికేది కనబడాలని మీరు రాసిన నియమం) బాగానే పనిచేస్తోంది. గుట్టు బయటపెట్టింది ప్రైమరీ కీ, అంటే ప్రతి వరసకీ వేరుగా ఉండాల్సిన గుర్తింపు; ఇక్కడ ఆర్డరు నంబరు. యునీక్ తనిఖీ (ఒకే విలువ రెండుసార్లు రాకుండా చూసేది), ఫారిన్ కీ తనిఖీ (వేరే టేబుల్ ప్రస్తావించిన వరస నిజంగా ఉందో చూసేది) పాలసీతో పనిలేకుండా టేబుల్ మొత్తం చూస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఇది కావాలని పెట్టిందే. లేకపోతే డేటా పొంతన తప్పుతుంది. గుమస్తా వరసగా నంబర్లు కొట్టి చూస్తే రహస్య ఆర్డర్లు ఎన్నున్నాయో కూడా లెక్క తేలిపోతుంది.

కీలో స్థాయిని (రహస్యమా, సాధారణమా అన్నదాన్ని) కూడా కలిపితే ఎర్రర్ పోతుంది. కానీ 4417 రెండు స్థాయిల్లోనూ పుడుతుంది, రెండూ కనబడే మేనేజరుకి తికమక. దీన్నే పాలీఇన్‌స్టాన్షియేషన్ అంటారు. చిన్న సంస్థకి ఇంత తలనొప్పి దండగ. కీ కింద యూయూఐడీ (మరోదానితో కలవని పొడవాటి గుర్తింపు) వాడండి, ఆర్డరు నంబర్లకు స్థాయికో సిరీస్ పెట్టండి. రెంటికీ ఒకటే సీక్వెన్స్ (వరస నంబర్లిచ్చే కౌంటర్) మాత్రం వద్దు: 4416 తర్వాత 4418 వస్తుంటే మధ్యదేమైందో గుమస్తా ఊహించగలడు.

పనిలో పనిగా మరో మూడు చూసుకోండి. యాప్ లాగిన్ టేబుల్ ఓనరే అయితే పాలసీ వర్తించదు. 'ఫోర్స్ రో లెవెల్ సెక్యూరిటీ' పెట్టాలి. సూపర్‌యూజర్‌కి (అన్ని హక్కులూ ఉన్న లాగిన్‌కి) అదీ అడ్డు కాదు, కాబట్టి ఆ లాగిన్‌తో యాప్ నడపొద్దు. పాలసీలో 'విత్ చెక్' (రాసే వరసలకు పెట్టే షరతు) రాసి, ఎవరి స్థాయిలో వాళ్లే రాసేలా కట్టడి చేయండి. లేకపోతే రహస్య వివరాన్ని మేనేజరు పొరపాటున సాధారణ ఆర్డరులో ఎక్కించేస్తాడు. 1973లో బెల్, లపడులా రాసిన భద్రతా నమూనాలో 'కిందికి రాయకూడదు' అన్నది ఇందుకే. కనెక్షన్ పూల్ (ఉన్న కనెక్షన్లనే అందరూ మార్చి మార్చి వాడే ఏర్పాటు) ఉంటే యూజర్ స్థాయిని 'సెట్ లోకల్'తో ట్రాన్సాక్షన్ (ఒక విడత పని) లోపలే పెట్టండి. వట్టి 'సెట్' అయితే మేనేజరు స్థాయి అదే కనెక్షన్ అందుకున్న గుమస్తాకి దక్కుతుంది.

ప్రశ్న: టేబుల్లో కనబడని రహస్య ఆర్డర్లు నెలవారీ రిపోర్టు వ్యూలో (టేబుల్లా వాడుకునే, దాచి ఉంచిన క్వెరీలో) కనబడుతున్నాయి. ఎందుకు?
– మరో పాఠకురాలు, మధురవాడ

జవాబు: వ్యూ మామూలుగా దాని ఓనర్ హక్కులతో నడుస్తుంది, చూసేవాళ్ల హక్కులతో కాదు. 2022లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి 'సెక్యూరిటీ ఇన్వోకర్' ఆప్షన్ ఉంది, ఆన్ చేయండి. అది మెటీరియలైజ్డ్ వ్యూ (ఫలితాన్ని ముందే నిల్వచేసి ఉంచేది) అయితే ఈ ఆప్షన్ ఉండదు, పాలసీ కూడా పెట్టలేం. స్థాయికొకటి విడిగా తయారుచేసి గ్రాంట్లు (చూసే అనుమతులు) వేరుచేయాల్సిందే.