క్రోమ్ తోలు, క్రోంపేట, మన కపిల బావులు

మద్రాసు శివారు క్రోంపేటకి ఆ పేరు తెచ్చిన క్రోమ్ లెదర్ కంపెనీ ఎలా పుట్టింది, తంగేడు చెక్కతో (అంటే బెరడుతో) తోళ్లు పదును చేసే పాత పద్ధతిని క్రోమ్ (క్రోమియం లవణాలతో పదును చేయడం) ఎందుకు వెనక్కి నెట్టింది అని అడిగారు. చిత్తూరు నుంచి అడిగారు కాబట్టి కపిల బావితో మొదలుపెడతాను.

కపిల అంటే ఎద్దులతో బావి నీళ్లు తోడే పాత ఏర్పాటు. దానికి కట్టిన తొండం తోలుదే. తంగేడు చెక్క రసంలో ఊరిన తోలు రోజూ నీళ్లలో నానితే, అందులో పట్టిన వగరు మెల్లగా బయటికి వచ్చేస్తుంది. ఎండితే బిరుసెక్కి పగులుతుంది, తడిమీదే ఉంటే కుళ్లుతుంది. క్రోమ్ తోలుకి ఈ బాధ లేదు. ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు 1903లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో క్రోమ్ ప్రయోగాలు మొదలుపెట్టి, బావి నీళ్లు తోడే తోలు మీద గట్టిగా దృష్టి పెట్టింది ఇందుకే. అప్పటికి చిత్తూరు, వేలూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే, జిల్లా కేంద్రం చిత్తూరు. 1911లో మన జిల్లా వేరయింది. క్రోమ్ లెదర్ కంపెనీ తర్వాత వచ్చింది. చేంబర్స్ అనే వ్యాపారి దాన్ని పల్లావరం పక్కన నడిపాడు, చుట్టూ పెరిగిన పేటే క్రోంపేట.

ఉప్పు కడిగి నానబెట్టడం, సున్నంలో వేసి వెంట్రుక ఊడదీయడం, లోపలి కండ గీకడం, మళ్లీ ఆ సున్నం తీసేయడం రెండు పద్ధతుల్లోనూ ఉన్నవే. మెడ దగ్గర మందంగా ఉన్నచోట కోసి, అంచు మీద ఫినాఫ్తలీన్ (సున్నం లాంటి క్షారాన్ని పట్టిచూపే రసాయనం) చుక్క వేసి చూడాలి. గులాబీ రంగు తేలితే లోపల ఇంకా సున్నం ఉన్నట్టే.

ఆ తర్వాత తంగేడు తోలుని ముందుగా వాడేసిన పలచటి రసంలో వేసి, విడతలుగా చిక్కటి రసంలోకి మార్చాలి. మొదటే చిక్కటి రసంలో పడితే పైపొర బిగిసి, లోపల పచ్చిగానే ఉండిపోతుంది. ఆఖర్న కరక్కాయ, పైన నూనె. మొత్తం వారాల పని.

క్రోమ్‌కి ఒకటి రెండు రోజులు చాలు. ముందు ఉప్పు నీళ్లలో ఆమ్లం కలిపి పీహెచ్‌ని (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 3 దగ్గరికి దించుతారు. ఉప్పు తగ్గితే తోలు ఉబ్బి పాడవుతుంది. తోలు బరువులో సుమారు 8 శాతం క్రోమ్ పొడి వేసి, అది లోపలిదాకా దిగాక సోడా బైకార్బనేట్‌ని కొంచెం కొంచెంగా వేస్తూ పీహెచ్ 3.8 దాకా తెస్తారు. ఒకేసారి కుమ్మరిస్తే క్రోమ్ అంతా పైనే పేరుకుని తోలు గరుకెక్కుతుంది. సరిగా కుదిరిన ముక్కని మరిగే నీళ్లలో 2 నిమిషాలు ఉంచినా ముడుచుకోదు. తంగేడు తోలు మరుగు రాకముందే ముడుచుకుపోతుంది.

అలాగని తంగేడు పద్ధతి పూర్తిగా పోలేదు. తంగేడు బెరడు స్థానంలో ఎక్కువగా దక్షిణాఫ్రికా వాటిల్ (తుమ్మ జాతి చెట్టు) బెరడు వచ్చింది. లైనింగులకి, పుస్తకాల బైండింగుకి నా ఓటు ఇప్పటికీ ఆ తోలుకే. కొనేటప్పుడు రంగు వేయని అంచు కోసి చూడండి: నడిమి పొర నీలం బూడిద రంగులో ఉంటే క్రోమ్, గోధుమ రంగులో ఉంటే చెక్క తోలు. అనుమానం తీరకపోతే తడిపి, తుప్పు మేకు ఆనించి రాత్రంతా వదిలేయండి. చెక్క తోలు మీద నల్లటి మరక పడుతుంది.